స్వామి తీసిన ఓడ తలుపు

మొన్న ఆదివారం నాతో ఆస్పత్రిలో పనిచేసిన చిన్న నర్సు మా ఇంటికొచ్చింది. నేను రిటైరయ్యాక కూడా గుర్తు పెట్టుకుని వచ్చేది ఆ పిల్ల ఒక్కతే. కాఫీ తాగుతూ ఫోను తీసి, "చూడండి మేడమ్, నేనూ మా ఆయనా ఎప్పటికైనా ఇక్కడికి పోవాలి" అంటూ బొమ్మలు చూపించింది. అన్నీ పాడుబడ్డ ఓడలే. ఒకటి ఏదో ఎడారి ఇసకలో సగం కూరుకుపోయి ఉంది. ఒకటి తెల్లటి కొండల కింద ఒడ్డున తుప్పు పట్టి పడుంది. ఇంకోటి నీళ్ళడుగున ఉంటే, దాని కిటికీల్లోంచి చేపలు వచ్చిపోతున్నాయి. ప్రపంచమంతటా ఇట్లాంటివి ఉన్నాయంట, జనం విమానాలెక్కి మరీ చూడ్డానికి పోతున్నారంట.

"చాల్లే తల్లీ, విమానమెందుకు, నేను ట్రాక్టరెక్కి పోయి చూసొచ్చా" అన్నాను. "చూడ్డమేంటి, లోపల ఇరుక్కున్నా కూడా."

ఆ పిల్ల కళ్ళింత చేసింది. పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ మాత్రం తలెత్తలేదు. ఎనభై దాటాయి, చెవులు శుభ్రంగా పనిచేస్తాయి. వినదలుచుకున్నప్పుడు వింటుంది, అంతే.

ఎనభైల్లో సంగతి. మాది సింగరాయకొండకి పడమటగా లోపలికుండే పల్లె. మిరప, పత్తి వేసేవాళ్ళు, కానీ మా ఇంటికి దిక్కు మాత్రం పొగాకే. మా దొడ్లో ఒక బ్యారన్ ఉండేది. తెలియనివాళ్ళకి చెబుతున్నా, బ్యారన్ అంటే పొగాకు కాల్చే గది. పచ్చాకుని కర్రలకి కట్టి, ఆ ఎత్తయిన గదిలో వరసలుగా వేలాడదీసి, కింద రేకు గొట్టాల్లోంచి పొయ్యి వేడి పంపిస్తారు. ఐదారు రోజులకి పచ్చాకు బంగారు రంగుకొస్తుంది. ఆ ఐదారు రోజులూ ఇంటిల్లిపాదీ దానికి కట్టుబానిసలమే. నా పని, గోడకున్న చిన్న అద్దంలోంచి లోపలి థర్మామీటరు చూసి నాన్నకి చెప్పడం. ఇంటర్ పాసయ్యాక రెండేళ్ళపాటు ఆ ఇంట్లో నేను చదివింది ఆ థర్మామీటరొక్కటే.

ఆ గదికి రెండు కట్టుబాట్లుండేవి. తలుపు తెరిచినవాళ్ళు వెంటనే చేరవెయ్యాలి, లేకపోతే వేడి పోయి ఆకు రంగు చెడుద్ది. రెండోది, లోపల మనిషుంటే తలుపు చేరవెయ్యొచ్చు గానీ గడియ పెట్టకూడదు. ఒకప్పుడు మా పెదనాన్న లోపలుండగా ఎవరో చూసుకోకుండా గడియ పెట్టి పోయారు. తీసేసరికి ఆయన నేల మీద పడి నోట్లోంచి నురగ కక్కుతున్నాడు. భుజాన వేసుకుని బయటికి తెచ్చింది మా నాన్నే. పెదనాన్న బతికాడు గానీ మళ్ళీ మునుపటి మనిషి కాలేదు. అప్పట్నుంచీ మా నాన్న పనికొచ్చిన ప్రతి ఒక్కరికీ ముందు ఈ గడియ సంగతి చెప్పేవాడు.

మా ఊరి బడిలో ఒక టీచరమ్మ ఉండేది. ఆదివారాలు చర్చిలో పాటలు కూడా ఆవిడే చెప్పేది. నేను ఇంట్లో ముగ్గిపోతుంటే చూడలేక, గుంటూరులో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకి నా చేత దరఖాస్తు పెట్టించింది. సీటొచ్చింది! ఉత్తరంతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది. ఈమె శిక్షణకి నాకు అభ్యంతరం లేదు అని తండ్రి సంతకం చెయ్యాలి. ఫలానా బుధవారం లోపల ఆ కాగితంతో పోయి చేరాలి, లేకపోతే సీటు ఇంకొకరికిస్తారు.

చుట్టాలు ఊరుకుంటారా? "మంచాన పడ్డ మగాళ్ళకి ఒళ్ళు తుడిచే పని మనింటి పిల్లకేం ఖర్మ?" అని అరుగు మీద కూర్చుని ఒకటే గోల. మా నాన్న ఏమీ అనలేదు. అసలు ఆ మనిషి తిట్టడు, కొట్టడు, కాదు అని కూడా అనడు. కాదంటే ఏడ్చో అలిగో అన్నం మానేసో పోట్లాడేదాన్ని. నాకు కోపం తక్కువా ఏమన్నానా! కానీ "చూద్దాంలే" అనే మనిషితో ఎవరు పోట్లాడగలరు? పొద్దున అడిగితే చూద్దాంలే. సాయంత్రం అడిగితే చూద్దాంలే. నెల్లాళ్ళపాటు ఆ ఒక్క మాటలో బందీగా ఉన్నాను. కాగితం ఎవరైనా పొయ్యిలో పారేస్తారేమోనని ప్లాస్టిక్ కవర్లో మడిచి, బాల్‌పెన్నుతో సహా నడుము దగ్గర దోపుకుని తిరిగేదాన్ని. పడుకున్నా అది నా ఒంటి మీదే ఉండేది.

అమ్మ సంగతంటారా, అమ్మ అటూ అనలేదు, ఇటూ అనలేదు. నాన్న ముందు ఆవిడ నోరు తెరిచి ఒక కోరిక కోరడం నేనెన్నడూ చూడలేదు. నాకు ఆవిడ మీదే ఎక్కువ కోపంగా ఉండేది, నిజం చెప్పాలంటే.

ఆ ఏడు తుఫానుకి ఒక సరుకుల ఓడ మా వైపు తీరానికి కొట్టుకొచ్చి ఇసకలో కూరుకుంది. ఓడవాళ్ళు దిగి వెళ్ళిపోయారు, లాగించుకోవడానికి సొంతదారు రాలేదు. ఇహ చూస్కోండి, తిరణాలే! చీరాల నుంచి రైళ్ళలో, మా మెట్ట ఊళ్ళనుంచి ట్రాక్టర్ల మీద జనం. సోడాలు, వేరుశనక్కాయలు, రంగుల రాట్నం కూడా వచ్చింది. ఆడవాళ్ళు ఓడ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఓడ మేకు తెచ్చి గుమ్మానికి కొడితే శని వదులుద్దని ఒక నమ్మకం మొదలైంది. మా బ్యారన్‌లో ఆ ఏడు రెండుసార్లు ఆకు మాడింది. నాన్నకి మేకు కావాల్సొచ్చింది.

బ్యారన్‌లో కాలిన ఆకు దించి, మళ్ళీ పచ్చాకు ఎక్కించే మధ్యలో ఒక్క ఆదివారం దొరికింది. నా గడువుకి ఇంకా మూడు రోజులే ఉన్నాయి. ఊరి ట్రాక్టర్లో అందరం పోయాం. పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, మోకాటిలోతు నీళ్ళలో నడిచి ఓడ దాకా పోవచ్చు. జాలర్లు సరుగుడు కర్రలతో నిచ్చెన కట్టారు. ఓడ ఒక పక్కకి ఒరిగి ఉంది, దగ్గర్నుంచి చూస్తే గుండె గుభేలుమంది, అంత ఇనుము ఒకచోట నేనెప్పుడూ చూడలేదు. మావాళ్ళు ఎక్కి దిగి, పులిహోర తినడానికి ఒడ్డుకి పోయారు. నాన్న మాత్రం మేకు దొరక్క కదల్లేదు. ఓడంతా అతుకులేగానీ మేకులెక్కడివి? చివరికి వెనకవైపు చెక్కలేసిన ఒక సామాన్ల గది కనపడింది. "అమ్మాయ్, సుత్తి పట్టుకురా" అని లోపలికి దూరాడు. నేను వెనకే పోయాను. నీళ్ళంటేనే భయపడే మా అమ్మ కూడా చీర ఎత్తి దోపి ఎట్లా ఎక్కిందో ఎక్కింది, గుమ్మం బయట నిలబడింది.

నాన్న ఒక మేకు పీకాడు. అప్పుడే ధనామని తలుపు పడింది.

"ఓసి నీ అలవాటు తగలెయ్యా! ఇది బ్యారనా? తియ్యవే" అన్నాడు నాన్న నవ్వుతానే.

"చెయ్యి ఊరుకోలా. చేరేశా" అంది అమ్మ బయట్నుంచి. ఆ తర్వాత కాసేపటికి, "పిడి దానంతటదే జారి పడిందయ్యా. రావట్లా" అంది.

ఆ తలుపుకి గడియ బదులు ఇనప పిడి, కిందకి దింపితే బిగుసుకుంటుంది, పైకెత్తితే వస్తుంది. లోపలివైపు పిడి లేదు, అంతకుముందే ఎవరో ఊడదీసుకుపోయారు. పళ్ళెమంత గుండ్రటి కిటికీ ఒకటుంది, దానికి మందపాటి అద్దం. అందులోంచి సముద్రం తప్ప ఇంకేం కనపడదు. తలుపు కింద గాలికి నాలుగు సన్నటి చీలికలు. గదిలో చేపనూనె కంపు, తుప్పు కంపు. మిట్టమధ్యాహ్నం ఎండకి గోడలు కాలుతున్నాయి, చెయ్యి ఆనించలేం.

"జనాన్ని పిలవనా?" అంది అమ్మ.

"వద్దు. పరువు పోద్ది. నువ్వే లాగు."

కాసేపు లాగింది. లాగుతున్నట్టు మూలుగులు వినపడ్డాయి. నాన్న సుత్తితో బాదాడు, భుజంతో గుద్దాడు. తలుపు కదల్లేదు. పావుగంటకి ఆయన చొక్కా తడిసి ముద్దయింది. ఇంకో పావుగంటకి పరువు సంగతి మర్చిపోయి "పిలువు, ఎవర్నన్నా పిలువు" అన్నాడు. "కేకేస్తానే ఉన్నా, గాలికి ఎవరికీ వినపడట్లా. మిమ్మల్నిట్టా వదిలి ఎట్టా పోను?" అంది. అమ్మ కేక నాకూ వినపడలేదు. గాలి అనుకున్నాను.

"పోటు వచ్చే టైమెంత?" అన్నాడు నాన్న మెల్లగా నాతో. నాకేం తెలుసు? మెట్ట పిల్లని. ఆయన మొహం చూశాను. పెదనాన్నని మోసుకొచ్చిన రోజు కూడా ఆ మొహం అట్లాగే ఉంది. వేడిలో పుట్టి వేడిలో పెరిగిన మనిషి, మూసిన తలుపంటే ఇంత భయపడతాడని నాకప్పుడే తెలిసింది.

అప్పుడు అమ్మ అంది, "ఏవయ్యా, మనిషి బలంతో అయ్యేది కాదు. మన సింగరాయకొండ మీది నరసింహస్వామికి మొక్కుకో. స్తంభం చీల్చుకుని వచ్చినాయనకి తలుపొక లెక్కా?"

నాన్న వెంటనే చేతులు జోడించాడు. "సామీ, కొబ్బరికాయ కొడతా."

పిడి కిర్రుమంది. "రావట్లా."

"ఐదు కాయలు."

"ఊహూ."

"బిందెడు పానకం పోస్తా సామీ. కొండంతా నడిచే ఎక్కుతా."

"లేదయ్యా."

"గుండు చేయించుకుంటా. ఏటేటా చేయించుకుంటా!"

"ఏటేటా అంటే కొంచెం కదిలినట్టే ఉంది. కానీ రాలా" అంది అమ్మ.

మొన్న చెబుతుంటే ఆ పిల్ల పడీపడీ నవ్వింది గానీ, అప్పుడు నవ్వెక్కడిది! నాన్న నేల మీద కూలబడిపోయాడు. ఊపిరి గుర్రుగుర్రుమంటోంది. "అన్న కూడా ఇట్టాగే" అన్నాడు. నెల్లాళ్ళ కోపమంతా ఏమైపోయిందో. ఆయన పక్కన కూర్చుని, "నాన్నా, నేనెక్కడికీ పోను. ఆ కాగితం చించేస్తా. అదే స్వామికి మొక్కుకుందాం" అన్నాను. నిజంగానే అన్నాను. నడుము దగ్గర చెయ్యి కూడా పెట్టాను.

తలుపు మీద దబదబా బాదింది అమ్మ. "నోర్ముయ్యవే!"

మా అమ్మ నన్ను అంతకుముందెప్పుడూ ఆ మాట అనలేదు. నాన్న కూడా ఉలిక్కిపడ్డాడు.

"ఏవయ్యా, విను. ఆ కాగితం దాని ఒంటి మీదే ఉంది. నెల్లాళ్ళయింది పిల్లని వేలాడదీసి. పచ్చాకుకైనా ఐదు రోజుల్లో ఒక దారి చూపిస్తావే! ఇన్ని మొక్కినా ఆయన కరగట్లేదంటే ఆ పాపం తగులుకుందేమో చూసుకో."

ఓడ అడుగున నీళ్ళు తపతప కొట్టుకుంటున్నాయి. నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపో నాకు గుర్తులేదు, చాలాసేపే అనిపించింది. బయట పిడి మళ్ళీ కిర్రుమంది, ఈసారి మెల్లగా. నాన్న తలెత్తి తలుపు వైపు చూశాడు. చూసి, నా వైపు తిరిగి, "పెన్నుందా?" అన్నాడు.

కాగితం గోడకి ఆనిస్తే తుప్పు అంటుతుంది. "అటు తిరుగు" అని నా వీపు మీద పెట్టి సంతకం చేశాడు. మొదటి అక్షరం నుంచి చివర పొడుగ్గా లాగే తోక దాకా నా వెన్ను మీద తెలిసింది. నాకు ఏడుపొచ్చేసింది.

"అయిందా? ఇటివ్వు" అంది అమ్మ. కాగితం చుట్టి చీలికలోంచి ఇచ్చాను. ఆవిడకి చదువు రాదు. కానీ ఆ తోక ఆవిడకి తెలుసు. తర్వాత పిడి లేచింది, తలుపు తెరుచుకుంది, వెలుతురుకి కళ్ళు బైర్లు కమ్మాయి.

నాన్న పైకొచ్చి, రెయిలింగు పట్టుకుని గాలి పీల్చుకుని, కాస్త రంగు తిరిగాక, "అమ్మాయ్, ఆ కాగితం సంగతి, ఇంటికెళ్ళి చూద్దాం" అనబోయాడు.

"స్వామికిచ్చిన మాట" అంది అమ్మ. కాగితం ఆవిడ రవికలో ఉంది.

ట్రాక్టర్ దగ్గర అందరూ చుట్టుముట్టారు. అమ్మ నోరు విప్పేలోపే నాన్న చెప్పేశాడు, "అలవాటులో పొరపాటు. బ్యారన్ చేతులు కదా, తలుపు చేరేసింది, పిడి జారింది. ఆ సామే తీశాడు." ఊరంతా నమ్మింది. మాలో ఎవరైనా తలుపు చేరేస్తారు మరి, తెరిచి ఉంటే చేతులు ఊరుకోవు. చాలా ఏళ్ళు మా ఊళ్ళో తలుపు గట్టిగా పడితే "ఓడ తలుపా ఏంది?" అని నవ్వుకునేవాళ్ళు. మంగళవారం పొద్దున చిలకలూరిపేట మీదుగా గుంటూరు బస్సెక్కాను. బుధవారం చేరాను. మరుసటేడు ఎవరో ఆ ఓడని గ్యాసుతో కోసి లారీల్లో పాత ఇనుముకి పట్టుకుపోయారు. నాన్న మటుకు పోయేదాకా ఏటేటా కొండెక్కి గుండు చేయించుకున్నాడు. బిందెడు పానకం కూడా.

ఇదంతా చెప్పాను ఆ పిల్లకి. "మీ నరసింహస్వామి గొప్ప దేవుడు మేడమ్" అని దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ పిల్ల గేటు దాటాక, "స్వామికేం తెలుసు పాపం, ఆయన కొండ మీద ఉన్నాడు" అంది అమ్మ చిక్కుడుకాయలతో.

"ఏంటీ?"

"పిడి జారి పడిద్దా ఎక్కడన్నా? రెండు చేతుల్తో వేలాడితే గానీ కిందకి రాలా."

బ్యారన్ గడియ గుర్తొచ్చింది. లోపల మనిషుండగా ఆ గడియ మీద చెయ్యి వెయ్యని మనుషుల్లో మొదటిది మా అమ్మే. చేరెయ్యడం అలవాటు. బిగించడం ఎక్కడి అలవాటు? నలభై ఏళ్ళు నర్సుగా చేసి, మనుషుల మొహాలు చూసి రోగాలు పసిగట్టి, ఇది పసిగట్టలేకపోయానే! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"నాన్నకి తెలుసా?"

"తెలీకేం? గడియ సంగతి ఊరందరికీ నేర్పిందే ఆయన. ఆ రోజంతా నాతో మాట్లాడలా. తర్వాత మాట్లాడాడు. మాట్లాడక ఎక్కడికి పోతాడు?"

"మరి ఏటా గుండు?"

"మొక్కు మొక్కే కదే."

నాకు కోపం వచ్చిందో, ప్రేమ వచ్చిందో తెలీలేదు, రెండూ వచ్చాయి. "నాన్న సంతకం పెట్టకపోతే ఏం చేసేదానివి?" అన్నాను.

అమ్మ చేతులు ఆగాయి. "ఏం చేస్తాను, తీసేదాన్ని. ఆయన ఊపిరి నాకు వినపడతానే ఉంది. ఇహ నావల్ల కాక పిడి ఎత్తేస్తన్నా. సగం లేచింది. అప్పుడే పెన్నుందా అన్నాడు" అంది.

ఆ కిర్రుమన్న చప్పుడు నా చెవిలో ఇప్పటికీ ఉంది. అది నాకు ఎంత వినపడిందో నాన్నకీ అంతే వినపడింది. ఆయన తలెత్తి చూసింది దాన్నే. తలుపు తీస్తున్నారని తెలిశాకే మా నాన్న నన్ను పెన్ను అడిగాడు.

అమ్మకి ఆ సంగతి చెప్పాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, ఒలిచిన చిక్కుడుకాయలు నా వైపు నెట్టి, కడుక్కురమ్మంది.